గుండెదడకు మూడు ఉండలు

పరీక్షలంటే భయం పోగొడతామని బోర్డులు పెట్టుకునేవాళ్లను ముందు జైల్లో వెయ్యాలి! ఆ భయమే లేకపోతే మన బతుకులేం కావాలి?

నవ్వకండి. మా కొరియాలో కాలేజీ ప్రవేశ పరీక్ష రోజున పిల్లలు ఇంగ్లిషు వింటూ జవాబులు రాసే ఆ అరగంటా విమానాలు ఎగరవు, దిగవు. ఆఫీసులు గంట ఆలస్యంగా తెరుస్తారు. లేటైన పిల్లలను పోలీసులే మోటారుసైకిలెక్కించుకుని దింపుతారు. ఇదంతా భయం పెట్టిన భిక్ష కాదూ?

మామూలు రోజుల్లో మా అమ్మకూ మా ఆవిడకూ ఉప్పూ నిప్పూ. మా అమ్మాయి దాసోం పరీక్ష పుణ్యమా అని ఇద్దరూ వంద రోజులు పక్కపక్కన కూర్చుని బుద్ధుడికి మొక్కారు! పుట్టినరోజున తప్పనిసరిగా తాగే సముద్రపు నాచు చారు ఈసారి పిల్లకు పెట్టలేదు. నాచు జారుడు కదా, తాగితే మార్కులూ జారిపోతాయి. నేనైతే మూడు నెలలు ఇంట్లో గట్టిగా తుమ్మలేదు.

"ఇది రెండోసారి. ఇదీ పోతే మన పరువేం కానే?" అని మా ఆవిడ రోజూ పిల్లకు ధైర్యం చెప్పేది.

పరీక్ష రోజు పొద్దున్నే మా అమ్మ దాసోంను వంటింట్లోకి లాక్కెళ్లి, బంగారు రేకు చుట్టిన మందు ఉండ చేతిలో పెట్టిందట. "గుండెదడ తగ్గుతుంది, నమిలి మింగు తల్లీ. మీ అమ్మకు చెప్పకు, నన్ను నమిలేస్తుంది."

బూట్లు వేసుకుంటుంటే మా ఆవిడ ఇంకోటి ఇచ్చిందట. "మీ నానమ్మ చూడకముందే వేసుకో."

నేనేం తక్కువ తిన్నానా? స్కూలు గేటు దగ్గర మూడోది నేనిచ్చాను. పిల్ల నా ముఖంలోకి చూసి, గుటుక్కున మింగేసింది. ఎంత వినయం!

మొదటి పేపరు సగంలోనే తల వాల్చేసిందట. ఇన్విజిలేటరు రెండుసార్లు తట్టి లేపాడట. మధ్యాహ్నం విమానాలు ఆగాక మరీ హాయిగా పడుకుందట. చప్పుడే లేదుగా!

సాయంత్రం గేటు బయట మా బండారం బయటపడింది.

"మీరూ ఇచ్చారా అత్తయ్యా?"

"నువ్వు ఇవ్వలేదూ?"

ఇద్దరూ చెరోపక్క శోకాలు మొదలుపెట్టారు. నాకూ ఏడుపొచ్చింది. ఏడాది కష్టం, పిల్ల కష్టం, మా చేత్తో మేమే బూడిదలో పోశాం.

"లోపల మరీ అంత భయమేసిందా తల్లీ?" అన్నాను.

దాసోం సంచీ భుజానికి తగిలించుకుంది.

"లోపలెందుకేస్తుంది నాన్నా? అక్కడ మీరెవరూ లేరుగా!"