బానెట్ మీద చెయ్యి

ఆ ఆదివారం ఉదయం టైలరమ్మ వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. పదింటికి నర్సు వస్తుంది. ఫోనులో ఒప్పుకున్న ధర చెల్లించి షెడ్డులో ఉన్న పాత కారు తీసుకుపోతుంది. మధ్యాహ్నం షెడ్డు కడిగితే సాయంత్రానికి ఆరిపోతుంది. అప్పటికి వ్యానులో కుట్టుమిషన్లు వస్తాయి. బడిపిల్లల యూనిఫారాలన్నీ కుట్టే పని ఆమెకే ఇస్తామన్నారు గానీ, మిషన్లు పెట్టే చోటు చూపిస్తేనే దింపుతామన్నారు. లేకపోతే వ్యాను అటునుంచి అటే ఇంకో టైలరు ఇంటికి పోతుంది. ఇన్నేళ్లూ వంటగది మూలలో, పొయ్యి సెగ తగులుతూ ఒక్క మిషను తొక్కిన మనిషికి అది చిన్న సంగతి కాదు.

"ఏమండీ, కారు తుడిచారా?" అని అడిగింది భర్తను.

ఆయన నీటి పన్ను ఆఫీసులో గుమాస్తా. "తుడిచాను. మనవాళ్లు కూడా వస్తున్నారు," అన్నాడు గోడవైపు చూస్తూ.

"ఏ మనవాళ్లు?"

"మండలి వాళ్లు."

టైలరమ్మ చేతిలోని కత్తెర బల్లమీద పెట్టింది. "పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టుంది మీ పని. అమ్మేది మీరు, కొనేది ఆవిడ. మధ్యలో వాళ్లెందుకు?"

"చెప్పకుండా అమ్మితే మర్యాదగా ఉండదే. ధర మీద ఒక్క మాట చెప్పి వెళ్లిపోతారు."

"వాళ్లు ఒక్క మాట చెప్పి వెళ్లిపోయిన రోజు ఒకటి చెప్పండి, వింటాను."

గుమాస్తా షెడ్డులోకి వెళ్లి, తుడిచిన కారు అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

మండలి అంటే పాత కార్ల మిత్రమండలి. పోయిన ఏడాది ఒక కారు విలువ ఎంత అనే చర్చ ముదిరి, ఇద్దరు సభ్యుల చొక్కా గుండీలు ఊడి, ఒకాయన కళ్లజోడు విరిగింది. అప్పటి నుంచి అధ్యక్షుడు ఒక పద్ధతి పెట్టాడు. ఎవరు ఏ కారునైనా, దాని ధరనైనా తక్కువ చేసి మాట్లాడితే, వెంటనే ఆ కారు బానెట్ మీద చెయ్యి వేసి, తల వంచి, దానికి క్షమాపణ చెప్పాలి. మిగిలినవాళ్లు కూడా తల దించుకుని నిలబడాలి. ఈ పద్ధతి వచ్చాక గుండీలు ఊడటం ఆగిపోయింది. చర్చలు మాత్రం రెండింతలు పొడుగయ్యాయి.

మండలి తరఫున అధ్యక్షుడు, పళ్ల డాక్టరు, ఇంకో ముగ్గురు వచ్చారు. కారు చుట్టూ తిరిగారు, వంగి చూశారు, తలలూపారు.

"మా మిత్రుడు చెప్పిన ధర ఎంతో సముచితంగా ఉంది," అన్నాడు అధ్యక్షుడు. "కాకపోతే దానికి ఇంకో సగం కలిపితే న్యాయంగా ఉంటుంది."

"మీరన్నది అక్షరాలా నిజం సార్," అన్నాడు పళ్ల డాక్టరు. "కాకపోతే పూర్తిగా తప్పు. ఆ తలుపు కింద తుప్పు చూశారా? అడిగిందే ఎక్కువ."

అధ్యక్షుడు బానెట్ వైపు చూశాడు. డాక్టరు వెళ్లి చెయ్యి వేసి, "నోరు జారాను. మన్నించు," అన్నాడు. అందరూ తలలు వంచారు.

"డాక్టరు గారికి రోజూ పుచ్చిపోయినవి చూడటం అలవాటు కదా," అన్నాడు మూడో సభ్యుడు. "అందుకే దీనిలోనూ అదే కనిపించింది."

"అంటే కారును పుచ్చుపన్నుతో పోల్చారన్నమాట," అన్నాడు అధ్యక్షుడు ఎంతో మృదువుగా. మూడో సభ్యుడు కూడా బానెట్ దగ్గరికి నడిచాడు. తరువాత నాలుగో ఆయన. చివరికి సొంతదారు గుమాస్తా కూడా, "ఈ మధ్య కాస్త పొగ వదులుతోంది," అని నోరు జారి వరుసలో నిలబడ్డాడు.

కిటికీలోంచి చూస్తున్న టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే నర్సు గేటు తీసుకుని వచ్చింది. మగవాళ్లందరూ తలలు దించుకుని ఉన్నారు. ఒకాయన బానెట్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు. ఇంకొకాయన దుమ్ము పడిన కన్ను రుమాలుతో తుడుచుకుంటున్నాడు. ఆసుపత్రి వరండాలో ఇలాంటి నిలబడటాలు ఆమె చాలా చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఎప్పుడు జరిగిందండీ?"

మండలిలో జరిగిన గొడవ సంగతి ఈవిడకు గుమాస్తా చెప్పి ఉంటాడని అధ్యక్షుడు అనుకున్నాడు. "పోయిన ఏడాదమ్మా. ఆ రోజు నుంచే ఇలా చేస్తున్నాం."

"ఎంతమంది?"

"ఇద్దరు. ఒకాయన మళ్లీ రాలేదు."

"మరి రెండో ఆయన?"

"నేనేనమ్మా," అన్నాడు పళ్ల డాక్టరు దిగులుగా.

నర్సు ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇప్పుడెలా ఉంది సార్ మీకు?"

"ఇప్పుడిప్పుడే నిద్ర పడుతోంది. కళ్లజోడు మాత్రం కొత్తది."

నర్సు నేరుగా వంటగదిలోకి వచ్చి టైలరమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఏమీ అనుకోకండి. ఈ కారు నాకొద్దు. ఆసుపత్రిలో రోజూ చూసేదే. మళ్లీ దాంట్లోనే కూర్చుని ఇంటికెలా పోతాను?"

"రోజూ ఏం చూస్తావమ్మా?"

"పోయినవాళ్లను. కార్లో ఒకాయన పోయారట కదా. పాపం, వాళ్లంతా ఇంకా తేరుకోలేదు."

టైలరమ్మకు సంగతి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. షెడ్డులో మిషన్లు, యూనిఫారాలు, అన్నీ కళ్ల ముందే వ్యానెక్కి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. నర్సును వెంటబెట్టుకుని విసవిసా షెడ్డులోకి నడిచింది.

"చూడమ్మా. ఈ కార్లో ఎవరూ పోలేదు. ప్రమాదం జరగాలంటే కాస్తయినా వేగం ఉండాలి. ఇది ఎప్పుడూ సైకిల్‌ను దాటలేదు. ఎడమ తలుపు లోపలి నుంచి తెరిస్తేనే వస్తుంది. వాన పడితే ముందు సీట్లో గొడుగు వేసుకోవాలి. హారన్ మోగమంటే మోగదు, వద్దంటే ఆగదు. ఇంజను మాత్రం బాగుంటుంది. ఈయన దీన్ని తుడుస్తారే గానీ నడపరు."

ఒక్కో మాటకూ మండలి తలలు ఇంకాస్త కిందికి వంగాయి. అధ్యక్షుడు మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మా పద్ధతి ప్రకారం మీరు బానెట్ మీద..."

టైలరమ్మ ఆయన వైపు తిరిగింది. చూసింది, అంతే. సభ్యుల ఇంటివాళ్లకు ఆ పద్ధతి వర్తించదని అధ్యక్షుడికి అప్పటికప్పుడు గుర్తొచ్చింది.

నర్సు గుండెల మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "ఇంతేనా అక్కా? గొడుగు నా దగ్గరుంది. ఇంతసేపటికి ఉన్నమాట చెప్పింది మీరొక్కరే. ఇవ్వండి తాళాలు."

అనుకున్న ధరే ఇచ్చింది. మండలి సభ్యులు అయిదుగురూ వెనకనుంచి తోస్తే కారు షెడ్డు దాటి, ఆపైన సొంతంగా వీధిలోకి దిగింది. టైలరమ్మ చీపురు అందుకుంది. వ్యాను వచ్చేసరికి షెడ్డు ఇంకా కాస్త తడిగానే ఉంది, అయినా మిషన్లన్నీ దిగాయి.

వాటిని గోడవారగా సర్దాక గుమాస్తా మెట్టు మీద కూర్చుని ఫోను తీశాడు. మండలి గ్రూపులో అధ్యక్షుడి సందేశం వచ్చి ఉంది. సభ్యత్వం కారుకే గానీ మనిషికి కాదు కాబట్టి, నర్సు గారికి సాదర స్వాగతం పలుకుతూ, గుమాస్తా గారి ఇన్నేళ్ల స్నేహానికి శిరసు వంచి నమస్కరిస్తూ, ఎంతో గౌరవంతో ఆయన్ను ఇప్పుడే తొలగిస్తున్నామని రాశాడు.

"ఏమిటండీ అది?" అంది టైలరమ్మ లోపలి నుంచి.

"ఏం లేదు," అన్నాడు గుమాస్తా. సమాధానంగా ఒక ధన్యవాదం రాద్దామనుకున్నాడు గానీ, గ్రూపులోంచి అప్పటికే తీసేయడంతో మర్యాదకు కూడా అందులో చోటు దొరకలేదు.