ముగింపుకు అనుమతి

ప్రసంగాన్ని ఎవరైనా మొదలుపెట్టవచ్చు. దాన్ని బలంగా ముగించే బాధ్యతను మాత్రం మాట్లాడేవాడి చేతుల్లో వదిలేయకూడదని ఆ కార్యాలయం ఏనాడో తీర్మానించింది. అందుకోసం మూడో అంతస్తులో ముగింపుల విభాగం పెట్టింది. (ప్రారంభాల విభాగం లేదు. అక్కడ ఏదీ ప్రారంభమయ్యేది కాదు.)

రికార్డు గది గుమాస్తా ముప్పై ఒక్క ఏళ్ళు నోరు మెదపకుండా పనిచేసి, ఆ శుక్రవారం పదవీ విరమణ చేస్తున్నాడు. వీడ్కోలు సభలో నాలుగు నిమిషాలు మాట్లాడాలి. చివర చెప్పాల్సిన రెండు వాక్యాలు తొమ్మిదేళ్ళుగా ఆయన మనసులో ఉన్నాయి. వాటిని మూడు ప్రతులు రాసి, పది రోజుల ముందే ముగింపుల అధికారికి సమర్పించాడు.

అధికారి కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇందులో బలం లేదండీ."

"నిజం ఉంది కదా సార్."

"ఫారంలో నిజం అనే కాలమ్ లేదు. ఒక ఆశాభావం, ఒక కృతజ్ఞత, చప్పట్లకి కాస్త ఖాళీ. ఇంతే. మీరేమో ఊడ్చే ఆవిడకి కృతజ్ఞత చెప్తున్నారు. సూపరింటెండెంటుకి తగ్గినవాళ్ళకి చెప్పడానికి వీల్లేదు."

"మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకు సెలవివ్వలేదు సార్. పదకొండు రోజులు, డ్యూటీ అయ్యాక ఆవిడే వెళ్ళి పక్కన కూర్చుంది. అమ్మ పోయేటప్పుడు చెయ్యి పట్టుకున్నది కూడా ఆవిడే."

అధికారి మనసు కరిగింది. అంచేత తిరస్కరించకుండా, 'పరిశీలనలో ఉంది' అని రాశాడు.

శుక్రవారం నాలుగింటికి సభ మొదలైంది. గుమాస్తా నాలుగు నిమిషాల్లో చివరికొచ్చేశాడు. ఫైలు మాత్రం రాలేదు. ఆమోదం పొందిన ముగింపు లేకుండా వక్త మైకు వదలరాదని ఏడో నిబంధన.

"సంతకానికి వెళ్ళింది, వచ్చేస్తుంది. నడిపిస్తూ ఉండండి," అన్నారు ముందు వరుసలోంచి డైరెక్టరు గారు.

గుమాస్తా నడిపించాడు. తన గదిలోని బీరువాల గురించి చెప్పాడు. చెదల గురించి చెప్పాడు. అవీ అయిపోయాక అక్షర క్రమంలో ఫైళ్ళ పేర్లు అందుకున్నాడు. 'క' దగ్గర డైరెక్టరు గారు, మోగని ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచారు. 'చ' దగ్గర వెనక వరుసలు పలచబడ్డాయి. 'ప' వచ్చేసరికి హాలులో కుర్చీలే మిగిలాయి. ఆయన గొంతు ఎండిపోయింది. అయినా ఆపలేదు. నిబంధన నిబంధనే.

ఊడ్చే ఆవిడ చీపురుతో లోపలికొచ్చింది. "ఇంకా అవలేదా తమ్ముడూ?"

ఆయన మైకు పక్కకు జరిపాడు. (ముప్పై ఒక్క ఏళ్ళలో అదే మొదటి ఉల్లంఘన.) "అక్కా, అమ్మ దగ్గర నేనుండాల్సిన చోట నువ్వున్నావు. ఇన్నాళ్ళూ ఆ మాట నీతో అనలేకపోయాను."

ఆవిడ చీపురు గోడకి ఆనించింది. "నీ గురించే అడిగేది రా. తిన్నాడా, పడుకున్నాడా అని." ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఇంక చాల్లే. గొంతు పోతుంది."

సోమవారం సభా నివేదికలో ఇలా రాశారు: "ముగింపు నమోదు కాలేదు. కారణం: ఆ సమయానికి హాలులో ఎవరూ లేరు."