పెనాల్టీ పక్కన కూర్చునే మాట

...పుట్ కాదు, గివ్ కాదు. పెనాల్టీని ఇంపోజ్ చేయాలి. తెలుగులో జరిమానా వేస్తాం కదా అని ఇంగ్లీషులోనూ వేస్తే, కొక్కేనికి చొక్కా వేసినట్టుంటుంది. మాటలకూ ఇష్టాయిష్టాలుంటాయి; ఒక్కొక్కటి తనకు నచ్చినదాని పక్కనే కూర్చుంటుంది. ఎవరి పక్కనా కుదురుగా కూర్చోలేని తనకు ఈ సంగతి ఇంత బాగా తెలియడం అంబరీష్‌కు విచిత్రంగా తోచింది. ఈలోగా వేళ్ల మీద మైదా జిగురు ఆరిపోతోంది.

ఆదివారం. పదింటికి ట్యూషన్ పిల్లలు వస్తారు. వీధి గోడకు కాగితం అంటించి ఉంచితే, తలుపు తీసేదాకా నిలబడి చదువుకుంటారని అతని ఆలోచన. జెరాక్స్ అంగట్లో పెద్దక్షరాలతో టైపు చేయించిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు. ఆఫీసు నరసింహప్ప మీద పెనాల్టీ ఇంపోజ్ చేసింది. సొన్నమ్మ పెద్ద పెనాల్టీని ఫేస్ చేస్తోంది. శివరాజ్ పెనాల్టీ నుంచి ఎస్కేప్ కాలేడు. మునివెంకటమ్మకు పెనాల్టీని వేవ్ చేశారు, అంటే మాఫీ. తెలిసిన పేర్లయితే పిల్లలకు గుర్తుంటాయి. ఆ నలుగురే ఎందుకంటే, రోజూ పొద్దున కిటికీలోంచి వినిపించే గొంతులు వాళ్లవే.

అతను మరిచిపోయింది ఒక్కటే. కోరమండల్ గని కార్మికుల లైన్లలో గోడ మీద ఇంగ్లీషు కాగితాన్ని ఎవరూ పాఠం అనుకోరు. బంగారు గని మూతపడ్డప్పటి నుంచి, అక్కడివాళ్ల దృష్టిలో అలాంటి కాగితం కంపెనీ ఇళ్ల గురించే: ఎవరు ఉండాలి, ఎవరు ఖాళీ చేయాలి.

మొదట చూసింది శివరాజ్. మాలూరు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ కాబట్టి, వీధికంతటికీ ఇంగ్లీషు చదివిపెట్టేది అతనే.

"నరసింహప్ప మామా, ఇంగ అయిపోయింది. నీకు పెనాల్టీ వేసినారు."

"నాకా? ఎందుకంట?"

"ఎందుకో రాయలేదు. నీకు తెలీదా ఏం?"

అంతే. వీధిలోకి రెండడుగులు జరిపి కట్టిన తన నీళ్లగది గోడ మీదికి నరసింహప్ప చూపు దానంతటదే పోయింది. రెండో వాక్యంలో తన పేరు వినగానే సొన్నమ్మ, పక్క ఖాళీ క్వార్టర్సులో కట్టేసిన తన ఆవులవైపు చూసింది. తన పేరున్న వాక్యాన్ని పైకి చదవకుండా దాటేసిన శివరాజ్ ఇంట్లోకి వెళ్లి, కొళాయి పైపుకు దొంగచాటుగా బిగించిన మోటారును విప్పి గోనెసంచిలో దాచి వచ్చాడు.

"మునివెంకటమ్మకు మాత్రం మాఫీ అంట," అన్నాడు తిరిగొచ్చి.

"ఆహా! ఎవురి కాళ్లు పట్టుకున్నావమ్మా?" అంది సొన్నమ్మ.

మునివెంకటమ్మకు ఏమీ తెలియదు. అయినా కొంగు సర్దుకుంది. "మాట్లాడాల్సినోళ్లతో మాట్లాడినాను. అందరికీ అయ్యే పనా అది?"

లోపల అంబరీష్ అంతా వింటున్నాడు. వెంటనే వెళ్లి చెప్పాలనుకున్నాడు కానీ ఇంకాసేపు వినాలనిపించింది. పన్నెండేళ్లుగా అతని ఇంగ్లీషును ఎవరూ ఇంత శ్రద్ధగా చదవలేదు. పైగా తను కారణం రాయకపోయినా, ఎవరి కారణం వాళ్లే పూరించుకుంటున్నారు! ఆ ఆలోచన రుచి చూస్తూ ఉండగానే గడ్డపార చప్పుడు వినిపించింది.

పరుగెత్తుకొచ్చేసరికి నీళ్లగది గోడ సగం నేల మీదుంది. ఆవులను బూదికోటలో చెల్లెలింటికి పంపడానికి సొన్నమ్మ ఫోనులో టెంపో బేరమాడుతోంది.

"ఆగండప్పా! అది ఆఫీసు కాగితం కాదు. పిల్లల పాఠం. నేనే రాసినాను!"

గడ్డపార ఆగింది. "నువ్వా? నా పేరు ఎందుకు రాస్తివి?"

"ఉదాహరణకు మామా. ఊరికే..."

"ఊరికేనా! నీ ఊరికేకి నేను గోడ కొట్టుకున్నాను. నా కోడలు యాడ నీళ్లు పోసుకోవాల?"

"అట్లయితే నా మాఫీ?" అంది మునివెంకటమ్మ నీరసంగా.

సొన్నమ్మ ఫోను కొంగులో దోపుకుంది. "అందరి పేర్లూ ఉండాయి. మీ పేరు యాడ సార్? మీ ఇంటెనక ట్యూషన్ రేకుల షెడ్డు ఎవురి జాగాలో ఉండాది?"

ఉదాహరణకు తన పేరు ఎందుకు తోచలేదో ఆ క్షణం దాకా అంబరీష్‌కు నిజంగానే తెలియదు.

తీర్పు చెప్పింది శివరాజే. "గోడ లేచేదాకా ఆ రేకులు మామ నీళ్లగదికి. తప్పు చేసినోడు అనుభవించాల గదా!"

పదింటికి పిల్లలు వచ్చి నెత్తి మీద పైకప్పు లేని షెడ్డులో, ఎండలో కూర్చున్నారు. అంబరీష్ వీధి గోడ దగ్గరికి వెళ్లాడు. జేబులోంచి పెన్ను తీసి కాగితం అడుగున ఐదో వాక్యం రాశాడు: అంబరీష్ పెనాల్టీ పే చేశాడు.

వీధి చివర శివరాజ్ మోటారు మళ్లీ గుర్రుమంది. ఇక శివరాజ్ ఎస్కేప్ కాలేడన్న మూడో వాక్యమొక్కటే తప్పు.