తొమ్మిదక్షరాల దండయాత్ర

స్వస్తిశ్రీ! నల్లమల గాలి పలకల దుమ్మును మోసుకొచ్చి మనుష్యుల చొక్కాలకును పళ్లెములోని ఇడ్లీలకును సమానముగా భస్మలేపనము చేయు మార్కాపురమందు, వేసవి సెలవుల నాలుగవనాడు, పగలు పదకొండు గంటలకు, కళాశాలా కంప్యూటర్ బోధకాగ్రేసరుడు, గోపాలకృష్ణ నామధేయుడు, లుంగీ బిగించి లాప్‌టాప్ తెరిచెను.

యుద్ధకారణము వినుడు. పలుచని పలకను విరగకుండ చీల్చు నేర్పు తన తాత వెంకటకృష్ణ శెట్టిదే యని వంశమంతటి నమ్మకము. ఆ తాత, కనిపెట్టినవారెవరో తెలుపు వాక్యమును తారుమారు చేసి తన పలకల ఫ్యాక్టరీ గోడపై చెక్కించి, ఆ చిక్కు విప్పకయే స్వర్గస్థుడయ్యెను: ‘ది క గ ల్చిం ప య్య ల చీ లిం’. నేటి సాయంత్రము పలకల వ్యాపారుల సంఘము తన క్రొత్త హాలుకు ఆ కనిపెట్టినవాని పేరు పెట్టనున్నది. ఋజువు తెత్తునని మనవాడు నలుగురిలో మీసము మెలివేసి వచ్చినాడు.

తొమ్మిదక్షరములు నిలువగల వరుసలు మూడు లక్షల అరువదిరెండు వేల ఎనిమిది వందల ఎనుబది, అక్షౌహిణిన్నరకు పైమాటే. వాని నన్నిటిని నిఘంటువుతోను, పేర్ల పట్టికతోను జల్లెడపట్టు ప్రోగ్రామాస్త్రమును సంధించి, “ఓయి అక్షరాధములారా, నా తాత పాదములపై వ్రాలుడు!” అని గర్జించి, మీట నొక్కెను.

జవాబులు: సున్న.

ఏడుమార్లు నొక్కెను. ఏడుమార్లును సున్నయే. లాప్‌టాప్ సలసల కాగెను, వీరునికి ముచ్చెమటలు పోసెను. డిగ్రీ చదువు కుమార్తె హరిచందన తొంగిచూచెను.

“పేర్ల పట్టికలో ఎవుర్ని పెట్టినావు నాయనా?”

“మనోళ్లనే. తాత, మీ జేజినాయన సత్యనారాయణ, మీ పెదనాయన మురళీకృష్ణ, నేను.”

“నువ్వు పుట్టకముందు చెక్కిన రాతిలో నువ్వేంది? పలకలు చీల్చినోళ్ల పేర్లేవి? ఫ్యాక్టరీ పాత హాజరు పుస్తకం అటక మీదుంది గదా.”

దుమ్ముకు తుమ్ముచు, అరువదిరెండు పేర్లెక్కించి, ఎనిమిదవమారు నొక్కెను. ఒక్కటే జవాబు వచ్చెను: పలక చీల్చింది లింగయ్య.

ఆ ఒక్క పేరు చెరిపివేసినచో తాత పేరే హాలుకెక్కును, అడుగువాడు లేడు. గోపాలకృష్ణుని వ్రేలు చెరుపు మీటపైకి పోయెను.

“మీ తాత ఎందుకట్ల దాచిపెట్టినాడు?” అని హరిచందన అడిగెను.

“పేరు బయటపడితే పోటీవాళ్లు లింగయ్యను ఎగరేసుకపోతారనేమో.”

“ఆ గోడ మీద తన పేరుందని లింగయ్యకు తెలుసా?”

“యాడ తెలుస్తది? బతుకంతా పలకలు చేసినాడు గానీ, పలక పట్టి చదువుకోలేదు.”

ఆ మాట తన నోటనే విని, సిగ్గుపడి, వ్రేలు తీసివేసెను.

సాయంత్రము నిండు సభలో వీరుడు లేచి, వణకు గొంతుతో ఆ వాక్యము చదివెను. బంధుజనము నేలచూపులు చూచెను. కడపటి వరుసనుండి ముసలి శేషమ్మ, లింగయ్య కూతురు, మెల్లగా లేచెను.

“ఇంకోసారి చదువబ్బయ్యా. ఇంతమంది ముందర మా నాయన పేరు ఎవురూ చదవలేదు.”

అంతట, అక్షౌహిణిన్నర సేనను మథించి, కడకు సొంత తాతనే ఓడించి, తొమ్మిదంటే తొమ్మిదక్షరములు గెలిచిన ఆ దిగ్విజయుడు, ఈమారు గొంతు వణకకుండ చదివెను.