ట్యాంకు నిండా జింకలు

ఒక ఊరు ఎంత నాగరికమైనదో తెలుసుకోవడానికి ఆ ఊరి కుళాయి తిప్పి చూడటం పాతకాలపు పద్ధతి. కుళాయికి మొహమాటం ఉండదు కాబట్టి అది పరిపాలనకు పనికిరాదు. ఇప్పటి పద్ధతి, నీటి సరఫరా కార్యాలయం వారి స్ప్రెడ్‌షీటు తెరిచి చూడటం. అందులో ఊళ్లోని ప్రతి ట్యాంకుకూ ఒక సిలిండరు బొమ్మ ఉంటుంది. బొమ్మలో పచ్చరంగు ఉంటే నీళ్లు మంచివి. (నీళ్లు మంచివైతేనే పచ్చరంగు వేస్తారని కొందరు తలకిందులుగా అర్థం చేసుకుంటారు. అలాంటివారు పదోన్నతికి అర్హులు కారు.)

అలా అర్థం చేసుకున్న ఒకావిడ ఆ కార్యాలయంలోనే జూనియర్ ఇంజినీరుగా పనిచేసేది. రైలు పట్టాల అవతలి పేటలో తాగునీటి గొట్టం పగిలి మురుగు అందులో కలుస్తోందని పరీక్షల్లో తేలింది. పేటలో పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఆవిడ పెద్దమ్మ ఉండేది కూడా అక్కడే. గొట్టం మార్చాలంటే పెద్దసారు సంతకం కావాలి. పెద్దసారు రిపోర్టులు చదవరు, బొమ్మలు చూస్తారు. అందుకని ఆవిడ షీటులో ఆ పేట ట్యాంకు బొమ్మ మీద నొక్కి, రంగులు మార్చే ఫిల్‌లోకి వెళ్లి, ఎర్రరంగు నింపింది.

మర్నాడు పొద్దున్నే పిలుపొచ్చింది.

"ఇదేంటమ్మా?" అన్నారు పెద్దసారు.

"ఎరుపు సార్. అక్కడ నీళ్లు బాగాలేవు."

"నీళ్ల సంగతి తర్వాత. అన్నీ పచ్చగా ఉంటే మధ్యలో ఇదొక్కటీ కంట్లో నలుసులా ఉంది. ముందు దీని సంగతి చూడు."

"గొట్టం మారిస్తే రంగు దానంతటదే మారుతుంది సార్."

పెద్దసారు ఆవిడకేసి జాలిగా చూశారు. "గొట్టానికి టెండరు పిలవాలి. రంగుకి అక్కర్లేదు కదా."

అయినా ఆయన నియంత కాదు. రంగును ఒంటిచేత్తో మార్చకుండా ఉపసంఘం వేశారు. దానికి అధ్యక్షుడు వర్ణ సమన్వయాధికారి. (అంతకుముందు ఆయన కార్యాలయం కిటికీల కర్టెన్లు చూసుకునేవారు. ఎండ ఇప్పటికీ లోపలికి రాదు.) సంఘం మొదట నారింజ రంగు పరిశీలించింది. తప్పు సగం ఒప్పుకున్నట్టుంటుందని వదిలేసింది. గులాబీ రంగైతే శాఖ సిగ్గుపడినట్టుంటుందన్నారు. పైన పచ్చతో మొదలై కిందికొచ్చేసరికి ఎరుపు తిరిగే రంగు చాలామందికి నచ్చింది. కానీ జనానికి నీళ్లొచ్చేది ట్యాంకు అడుగునుంచే కదా అని ఒక సభ్యుడు నోరు జారాడు. ఆయన్ని తర్వాతి సమావేశానికి పిలవలేదు.

చివరికి వర్ణ సమన్వయాధికారే దారి చూపించారు. "అసలు రంగెందుకండీ? ఫిల్‌లో పిక్చర్ కూడా పెట్టొచ్చు."

కొండమీంచి దూకే సెలయేరు ఫొటో ఒకటి దొరికింది. ఒడ్డున ఒక జింక నీళ్లు తాగుతోంది. దాన్ని సిలిండరులో నింపితే బొమ్మ సాగి, జింక బర్రెలా తయారైంది. సాగదీయకుండా పలకల్లా పరిస్తే సెలయేరు ముక్కలు ముక్కలై జింకలు బోలెడయ్యాయి. సంఘం రెండో పద్ధతికే ఓటు వేసింది. ఒక్క జింక తాగితే జనం అనుమానించవచ్చు, మందకు మంద తాగుతుంటే నమ్మక చస్తారా అన్నది వారి వాదన. జింకల్ని పరిచే పని ఇంజినీరుకే అప్పగించారు. ఆవిడ పంటి బిగువున పరిచింది. జింకల బొమ్మకు సంతకం పెట్టేటప్పుడే గొట్టం దరఖాస్తు మీదా పెడతానన్న పెద్దసారు మాట నమ్మింది.

దరఖాస్తు కదల్లేదు. ఆ వారంలోనే పెద్దమ్మ మంచాన పడింది. ఆమె కొడుకు ఫిర్యాదుల విభాగానికి ఫోన్ చేశాడు. అవతల గుమస్తా మర్యాదస్తుడు. షీటు తెరిచి చూసి మరీ జవాబిచ్చాడు.

"మీ ట్యాంకులో సెలయేరు ఉందండీ."

"మా కుళాయిలో మురుగొస్తోందండీ. మా అమ్మ లేవలేకపోతోంది."

"అలా ఎలా అవుతుందండీ? జింకలు కూడా తాగుతున్నాయి."

"అవి ఎలా ఉన్నాయి?" అన్నాడు కొడుకు కడుపుమంటతో.

గుమస్తా బొమ్మను పెద్దది చేసి చూశాడు. "నిలబడే ఉన్నాయండీ," అని ఫిర్యాదు మూసేశాడు.

ఆసుపత్రిలో పెద్దమ్మ చేతికి సెలైను ఎక్కుతోంది. చిన్నప్పుడు ఇంజినీరుకు తలంటి జడలు వేసిన చెయ్యి అది. ఇప్పుడు సూది దిగడానికి నరం దొరకడమే కష్టమైంది. ఇంజినీరుకు జింకలు గుర్తొచ్చాయి. తిన్నగా పెద్దమ్మ ఇంటికి వెళ్లి, కుళాయి కింద గాజుగ్లాసు పెట్టి ఫొటో తీసింది.

కమిషనరు గారి సమీక్ష రోజు వచ్చింది. గోడమీద తెర, తెరమీద షీటు. పచ్చటి సిలిండర్ల మధ్య, జింకలు ఉండాల్సిన చోట, చిక్కటి గోధుమరంగు గ్లాసు కనబడింది.

"టీయా?" అన్నారు కమిషనరు.

పెద్దసారు నోరు తెరిచేలోపే ఇంజినీరు లేచి నిలబడింది. "తాగే నీళ్లు సార్. పట్టాల అవతల మా పెద్దమ్మ ఇంట్లో కుళాయివి. పేటంతా ఇవే తాగుతున్నారు. పిల్లలు ఆసుపత్రిలో ఉన్నారు, పెద్దమ్మా ఉంది. గొట్టం మారిస్తే చాలు."

కమిషనరు గారి మొహం ఎర్రబడింది. ఎవరి ఉపసంఘమూ అడ్డుకోలేనంత ఎర్రగా. ఇంజినీరు గుండెల మీంచి బరువు కొంత దిగింది.

"ఇన్నాళ్లూ దాచిపెట్టారా?" అని ఆయన బల్ల చరిచారు. "ఈ ఆఫీసులో ట్రాన్స్‌పరెన్సీ అనేది ఉందా అసలు?"

పెద్దసారు వర్ణ సమన్వయాధికారి వైపు చూశారు. ఆయన ఫిల్ తెరిచి, రంగుల కింద ట్రాన్స్‌పరెన్సీ అని రాసి ఉన్న మీట చూసి, "సున్నా ఉంది సార్," అన్నారు.

"పెంచండి."

ఆయన మీట జరిపారు. గ్లాసులో నీళ్లు కాస్త పలచబడ్డాయి.

"ఇంకా," అన్నారు కమిషనరు.

మురుగు లేత టీ రంగుకు వచ్చింది. తర్వాత మంచుపట్టిన అద్దంలా అయింది. మీట చివరికంటా వెళ్లేసరికి గ్లాసూ లేదు, నీళ్లూ లేవు. ఖాళీ సిలిండరు గీత మాత్రం మిగిలింది.

కమిషనరు వెనక్కి వాలారు. "అలా ఉండాలి. మిగతా ట్యాంకులు కూడా ఇలాగే చేయండి."

"సార్, గొట్టం..." అంది ఇంజినీరు.

"అమ్మా, ఇప్పుడు సమస్య ఎక్కడుందో చూపించు," అన్నారాయన నిజంగానే ఆసక్తిగా. ఆవిడ తెరవైపు చూసింది. చూపించడానికి అక్కడేమీ లేదు.

పట్టాల అవతలి నీటి సమస్యను నూరు శాతం పారదర్శకంగా పరిష్కరించినట్టు సమావేశం తీర్మానించింది. శాఖను అభినందించారు. అనుమతి లేని ఫొటో వాడినందుకు ఇంజినీరును సంజాయిషీ అడిగారు.

సాయంత్రం ఆవిడ ఆసుపత్రికి వెళ్లింది. పెద్దమ్మ కళ్లు తెరిచింది.

"మా నీళ్లు మీవాళ్లకి చూపించావుటగా, తల్లీ?"

"చూపించాను పెద్దమ్మా."

"చూశాక ఏమన్నారు?"

"ఇప్పుడేం కనబడటం లేదన్నారు."