హాలు మూడులో కాపురం

కాలవ పక్క పట్టణంలో అద్దె ఇళ్లు దొరకడం కష్టమైపోయాక, గిటారు వాయించే జెకర్యా కూడా అందరిలాగే పెళ్లాం పిల్లతో తన రివర్బ్ పెడల్లోకి కాపురం మారాడు.

రివర్బ్ పెడలంటే గిటారుకీ స్పీకరుకీ మధ్య నేలమీద పెట్టుకునే ఇనప డబ్బా. సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దది. పైనున్న మీటని కాలితో తొక్కితే పనిచేస్తుంది. దాని లోపల ఒక గది ఉంటుంది. గిటారు చప్పుడు ఆ గదిలోకి వెళ్లి, గోడలకి కొట్టుకుని, ఖాళీ కల్యాణమండపంలో వాయించినట్టు గుంయ్‌మంటూ బయటికొస్తుంది. చప్పుడు పట్టే గదిలో మనుషులెందుకు పట్టరని ముందు ఎవరో అడిగారు. అడగడమే ఆలస్యం, మున్సిపాలిటీ వాళ్లు డోరు నంబర్లు ఇచ్చేశారు. వైరు గుచ్చే కన్నం దగ్గర చెప్పులు వదిలి, కాస్త పక్కకి తిరిగితే మనిషి లోపలికి పట్టేస్తాడు. బీరువాని మాత్రం పడుకోబెట్టి తోయాలి.

జెకర్యా దగ్గర వేరే పెడళ్లూ ఉన్నాయి. డిలే పెడల్లో రిటైరైన హెడ్మాస్టరు గారు ఉంటున్నారు. అందులో ఏమాటన్నా నాలుగుసార్లు తిరిగి వినబడుతుంది. తన మాట ఇంత శ్రద్ధగా బళ్లో పిల్లలు కూడా అప్పజెప్పలేదని ఆయన సంతోషం. చప్పుడుని చీల్చి బరబరమనిపించే డిస్టార్షన్ పెడల్‌కి కట్టిన టు-లెట్ బోర్డు మాత్రం కట్టినట్టే ఉంది. అందులో మడతపెట్టి వెళ్లిన దుప్పటి తెల్లారేసరికి పీలికలై ఉంటుంది. దిగేవాళ్లెవరు?

పెడల్ కాపురంలో ఓ చిక్కుంది. గిటారు చప్పుడు ఇంట్లోంచి వెళుతుంది కాబట్టి ఇంట్లో ఉన్నదంతా దానికి అంటుకుంటుంది. జెకర్యా భార్య సలోమి కొత్త దూది పరుపులు కొనగానే పాటలో మోత సగానికి పడిపోయింది. ఆర్కెస్ట్రా నడిపే బుల్లబ్బాయి గారు పరుపులు తీయించేశారు. పెళ్లిళ్ల రోజుల్లో వాళ్లు చాపలమీదే పడుకునేవారు. జెకర్యాకి మాత్రం ఈ చిక్కులోనే ఓ సుఖం కనిపించింది. పెళ్లిపందిట్లో వాయిస్తూనే ఇంటి సంగతి తెలిసిపోయేది. రెండో చరణంలో కుక్కరు కూత, పాట మధ్య వాయిద్యంలో కూతురు రూతు నవ్వు. ఎదురుగా కూర్చున్నవాళ్లు, ఈ గిటారులో ఏదో వెచ్చదనం ఉందయ్యా, అని మెచ్చుకునేవారు.

పిఠాపురంలో ఓ రిసెప్షన్ దగ్గర కథ అడ్డం తిరిగింది. ప్రేమపాట మంచి పట్టులో ఉండగా స్పీకర్లలోంచి ఆడగొంతు, “గ్యాసయిపోయిందీ…” అంటూ పందిరంతా మోగింది. వంటవాళ్లు తమ సిలిండర్లే అయిపోయాయనుకుని పొయ్యిలు కట్టేశారు. బిర్యానీ సగం ఉడికి ఆగింది. మగపెళ్లివారు అలిగారు.

“మీ ఆవిడ పాడతానంటే మైకిద్దును గానీ, మీ ఇంటి గ్యాసు కబురు నాకెందుకురా జెకర్యా?” అన్నారు బుల్లబ్బాయి గారు. “ఆ డబ్బా మానేసి మోడలర్లోకి మారు. మారనంటావా, రాజమండ్రిలో ఇంకో కుర్రాడున్నాడు.”

మోడలరంటే భోజనం పళ్లెమంత పలక. పెడళ్లన్నీ అందులోనే ఉంటాయి, కాకపోతే లెక్కల రూపంలో ఉంటాయి. దాని లోపల నిజం గది ఒక్కటీ లేదు. ఏ గది ఎలా మోగుతుందో మాత్రం దానికి క్షుణ్ణంగా తెలుసు. ఆర్కెస్ట్రా పోతే జెకర్యాకి వేరే పని రాదు. అందుకని ఓ మంచిరోజు చూసుకుని ముగ్గురూ ఇల్లు చూడ్డానికి అందులోకి వెళ్లారు.

చర్చి అన్న గది చాలా బాగుంది. “అంట్లు తోముకుంటుంటే పాస్టరమ్మగారు వెనకాల నుంచున్నట్టుంటుందండీ,” అని సలోమి వద్దంది. స్టేడియంలో పిల్ల తప్పిపోతుంది. గుహలో జెకర్యా గోడని చేత్తో తడిమి చూశాడు. పొడిగానే ఉంది. తడిగా ఉన్నట్టు వినబడుతోంది, అంతే. చివరికి హాలు మూడు అన్న గది నచ్చింది.

నచ్చడానికి తగ్గట్టే ఉంది కూడా. నెత్తిమీద తొక్కే కాలు లేదు, పెచ్చులు రాలడం లేదు. పెడల్లో బ్యాటరీ అయిపోతుంటే సాయంత్రాలు లైట్లు ఎర్రబడేవి, ఇక్కడ ఆ బాధ లేదు. మొదటిరోజు సేవ్ నొక్కడం మర్చిపోయారు. పొద్దున్న లేచేసరికి చర్చి క్యాలెండరూ, చేపల పులుసు గిన్నే మాయమై హాలు కొత్తగా మెరుస్తోంది. అప్పట్నించి పడుకునే ముందు తలుపు గడియ పెట్టినట్టే సేవ్ నొక్కుకున్నారు. సలోమి పరుపులన్నీ తెచ్చి పరిచింది. తరవాత సోఫా తెచ్చింది. మోత వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. జెకర్యాకి ఇదంతా వింతగా ఉండి, తీరికున్నప్పుడల్లా గోడలకి చెవి ఆనించి కూర్చునేవాడు.

పందిట్లో మాత్రం పాటలోంచి ఇల్లు వినబడ్డం మానేసింది. ఓరోజు పెళ్లాన్ని అడిగాడు, తను ఒంటరిగా వాయించేచోట గట్టిగా ఏదైనా అరవమని. ఆవిడ అరిచింది. రాత్రి ఇంటికి రాగానే అడిగింది.

“వినబడిందా?”

“లీలగా.”

“ఏవన్నానో చెప్పండి.”

జెకర్యా కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఆ ఏడు మున్సిపాలిటీ నుంచి తనిఖీకి మనిషొచ్చాడు. ఏటా వచ్చేవాడే. ఇంటి మధ్యలో నుంచుని చప్పట్లు కొడతాడు, ఆ చప్పుడు విని ఇంట్లో ఎవరెవరున్నారో చెబుతాడు. కిందటేడు పెడల్లో ఒక్కసారి కొట్టగానే, పెద్దవాళ్లిద్దరు, ఓ చంటిపిల్ల, దండెం మీద తడిచీర అని కళ్లు మూసుకుని చెప్పాడు. హాలు మూడులో కూడా కొట్టాడు. తల పక్కకి వంచి విన్నాడు.

“ఎవరూ లేరు.”

“మేం ఉన్నాం కదండీ,” అంది సలోమి, పిల్లని చంకనేసుకుని.

“ఉన్నారమ్మా, నాకూ కనబడుతున్నారు. చప్పుడు ఒప్పుకోవట్లేదు.”

మంచివాడే. ఆవిడ కోసం బీరువాని దగ్గరికి జరిపించి మళ్లీ కొట్టాడు. పిల్లచేత కూడా కొట్టించాడు. తరవాత ఆవిడిచ్చిన టీ తాగి, గ్లాసు ఆవిడ చేతికే ఇచ్చి, ఇల్లు ఖాళీ అని తేల్చి వెళ్లాడు.

ఆ రాత్రి సలోమి పాత డబ్బాలోకి పోదామంది. జెకర్యా మర్నాడు పెడలూ మోడలరూ రెండూ పట్టుకెళ్లి బుల్లబ్బాయి గారి ముందు పెట్టాడు. ఆయన న్యాయంగానే చూశారు. తనూ మైకుసెట్టు ఆయనా అటు తిరిగి కూర్చుని, ఒకదాని తరవాత ఒకటి వాయించమన్నారు. పెడల్ ఖాళీగా ఉంది కాబట్టి రెండూ ఒక్కలాగే మోగాయి. తరవాత జెకర్యాని అటు తిప్పి కూర్చోబెట్టి ఆయనే మీటారు. జెకర్యా కూడా పోల్చుకోలేకపోయాడు.

“తేడా నీకే తెలీనప్పుడు పాతదెందుకురా?” అన్నారు బుల్లబ్బాయి గారు. జెకర్యా పెడల్ వైరు పీకి సంచిలో పెట్టేసుకున్నాడు.

ఖాళీ ఇల్లని తేలింది కాబట్టి మున్సిపాలిటీ వాళ్లు హాలు మూడులో ఇంకో కుటుంబాన్ని దింపారు. వాళ్ల ఇంటికీ తనిఖీ జరిగింది. అందులో కూడా ఎవరూ లేరు. అంచేత ఇంకో కుటుంబం వచ్చింది, ఆ వెనకాల ఓ కుట్టుమిషన్ల షాపు వచ్చింది. కొన్నాళ్లకి హాల్లో కాలు పెట్టే సందు లేకుండా పోయింది. వచ్చినవాళ్లంతా మొదట్లో అరిచి చూసేవారు. సలోమి వాళ్లకి సేవ్ ఎక్కడ నొక్కాలో చూపించి, అరవడం దండగని కూడా చెప్పేది. తను గొంతు పెంచి చాలా కాలమైంది. బయట స్పీకర్లలో మాత్రం, ఇప్పుడే సున్నం వేసి తాళం పెట్టిన హాలులా, గిటారు తేటగా మోగుతూనే ఉంది.

తునిలో ఓ పెళ్లికి పెళ్లికూతురి మావయ్య స్టేజీ ఎక్కి జెకర్యా పక్కన కూర్చున్నాడు. ఆయనకీ కాస్త గిటారు వచ్చు. పెడల్ కొనాలో మోడలర్ కొనాలో తేలక సతమతమవుతున్నాడట.

“ఏది మంచిదంటారు గురూగారూ?”

“రెండూ ఒకటేనండి. తేడా లోపలున్నోళ్లకే తెలుస్తాది.”

“మరి లోపలున్నోళ్లేవంటున్నారు?”

“వినబడదండి,” అన్నాడు జెకర్యా, తరవాతి పాటకి తీగె బిగించుకుంటూ.