ఫ్యానుకు హారతి

వినయ్, స్నేహలత ఆ ఉదయం కాజీపేటలో తాము కిరాయికి ఉంటున్న భద్రమ్మ ఇల్లు ఖాళీ చేసి, ఎండ ముదరకముందే సుబేదారిలోని కొత్త ఇంట్లో పాలు పొంగించాలనుకున్నారు. మర్నాటి నుంచి మూఢం. ఈ పూట దాటితే మళ్లీ మంచిరోజు వచ్చేదాకా ఆగాల్సిందే. సామానంతా ట్రాలీ ఆటో ఎక్కింది. కిరాయికి వచ్చేవాళ్లు తమ ఫ్యాను తామే తెచ్చుకుని, పోయేటప్పుడు విప్పుకుపోవడం అక్కడి పద్ధతి. ఇక మిగిలింది అదొక్కటే.

ఇంట్లో ఉన్నవాళ్లు వెళ్లిపోయే రోజు భద్రమ్మకు అన్నం సహించదు. గేటు దాటాక తన గురించి ఏమనుకుంటారోనని బెంగ. వాళ్ల చిన్నపిల్ల తనకు బాగా చేరిక అయింది కూడా. మంచి మాటతో సాగనంపాలని కుంకుమ, జాకెట్టు గుడ్డ పళ్లెంలో పెట్టి ఉంచింది.

వినయ్ బల్ల ఎక్కి పానా పెట్టి తిప్పాడు. కొక్కెం దగ్గరి నట్టు కదల్లేదు. కొబ్బరినూనె పోశాడు, సుత్తితో కొట్టాడు. చివరికి చితికింది అతని వేలు.

భద్రమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. వీళ్లు మేడారం పోయినప్పుడు, ఊగే ఫ్యాను పిల్ల మీద పడుతుందేమోనని, రైల్వే షెడ్డులో పనిచేసే తమ్ముడు మొగిలి చేత నట్టు బిగింపించింది. ఊడకుండా మరలకు అతనేదో ఎర్ర మందు కూడా పూశాడు.

వంటింట్లోకి పోయి మెల్లగా ఫోను చేసింది. షెడ్డు మోతలో మొగిలికి వినపడక గొంతు పెంచాల్సి వచ్చింది.

"ఎవ్వలు తిప్పినా రాకుంటనే పెట్టినవా తమ్మీ?"

గడప దగ్గర ఉన్న స్నేహలత చెవిన ఆ మాట పడింది. మంటతో బాగా కాచి, వేడి మీదనే తిప్పాలని మొగిలి చెప్పింది మాత్రం ఆమెకు వినపడలేదు.

ఆలస్యమవుతోందని భద్రమ్మ మంచి ఉపాయమే చెప్పింది. "మీరు పోయి పాలు పొంగియ్యండ్రి బిడ్డా. ఫ్యాను నేను వెనుక పంపుత."

"వద్దత్తమ్మా. మా ఫ్యాను మా వెంటనే వస్తది," అంది స్నేహలత.

ఆ గొంతు వినగానే తనను దొంగను చేశారని భద్రమ్మకు అర్థమైంది. గబగబా కరెంటు ఆపించింది. అంత ఎత్తుకు అందే మంట ఇంట్లో ఒకటే ఉంది. పొడుగు కాడ హారతి గంటెలో కర్పూరం వెలిగించి, కొక్కెం కింద పట్టమని వినయ్‌కి ఇచ్చింది.

వాసనకు పక్కింటి బక్కమ్మ వచ్చింది. వెలుగుతున్న హారతి, దాని పైన ఫ్యాను. చెప్పులు బయట విడిచి కళ్లు మూసుకుంది.

"ఏం పూజ వదినె?"

"ఫ్యాను దిగాలని," అంది భద్రమ్మ.

బక్కమ్మకు అందులో వింతేమీ కనిపించలేదు. హారతి కళ్లకద్దుకుంటానని గంటె దించమంది. వినయ్ దించాడు. నట్టు చల్లారింది. మళ్లీ వెలిగించేసరికి ఇంకో ఇద్దరు వచ్చారు. మళ్లీ దించాడు. ఇంకొకామె ఏకంగా కొబ్బరికాయ తెచ్చి గడప మీద కొట్టింది. వచ్చిన వాళ్లను కాదంటే ఏమనుకుంటారోనని భద్రమ్మ అందరికీ ప్రసాదంగా చక్కెర కూడా పెట్టింది.

చివరికి స్నేహలతే అందరినీ పంపి తలుపు గడియ పెట్టింది. ఉన్న కర్పూరమంతా పోసి కాచాక వినయ్ పానా తిప్పితే, నట్టు కిర్రుమని కదిలింది. ఫ్యాను చేతికి వచ్చింది. మంచి గడియ మాత్రం దాటిపోయింది.

ఆటోలోంచి సామాను మళ్లీ పాత ఇంట్లోకే దించుతుంటే భద్రమ్మ ఎర్ర మందు సంగతి, పిల్ల మీద పడుతుందన్న భయం చెప్పింది. స్నేహలత ఫ్యాను రెక్కలు తుడుస్తూ చాలాసేపు తలెత్తలేదు.

సాయంత్రం ఫ్యాను మళ్లీ పైకెక్కింది. భద్రమ్మ ఈసారి జాగ్రత్తపడింది. "ఉత్తగ బిగియ్యి వినయ్, మందు గిందు వద్దు. పోయే రోజు మీకు తిప్పలుండది."

స్నేహలత ముఖం చిన్నబోయింది. "మేం ఎప్పుడు పోతమా అని చూస్తున్నవా అత్తమ్మా?"

భద్రమ్మ ఎర్ర మందు పట్టుకుని రమ్మని మొగిలికి ఫోను చేసింది.